రెండో గోలీకి ముందు

భంగు తిని ఆసుపత్రిపాలైనవాళ్ళను కదిపితే తరచుగా వినిపించే మాట ఒకటుంది: "ఎంతసేపటికీ ఎక్కలేదు, అందుకే ఇంకోటి వేసుకున్నా." గోలీ మింగి అరగంటయింది, ముప్పావుగంటయింది, ఒంట్లో ఏ తేడా లేదు. సరుకులో పస లేదనుకుంటారు. పక్కనున్నవాడు ఇంకోటి చేతిలో పెడతాడు. గంటన్నర దాటాక మొదటిది పని మొదలుపెడుతుంది, దాని మీద రెండోది వచ్చి పడుతుంది. అప్పటికి చేయగలిగింది చాలా తక్కువ. పొగ తాగేవాడు తల తిరుగుతోందనిపించగానే చుట్ట పక్కన పెట్టేయగలడు. తిన్నవాడికి ఆ వీలు లేదు, లోపల పడ్డది పూర్తిగా అయిపోయేదాకా మోయాల్సిందే. ఈ ఆలస్యం ఎక్కడినుంచి వస్తుందో, గంజాయి కలిసిన తిండి గురించి పెద్దవాళ్ళు తెలుసుకోవాల్సిందేమిటో సిరోంచ వైపు నుంచి చూద్దాం.

సిరోంచ వైపు నుంచే ఎందుకంటే, ఈ విషయం అక్కడ అన్ని దిక్కులనుంచీ వచ్చి కలుస్తుంది. గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ఉన్న ఊరది. ఇళ్ళల్లో తెలుగు, కచేరీలో మరాఠీ, అడవి పల్లెల్లో గోండీ, మాడియా. గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం. ప్రాణహిత దాటితే మంచిర్యాల జిల్లా. తూర్పుకు పోతే ఇంద్రావతి, ఆవల ఛత్తీస్‌గఢ్. జగదల్‌పూర్ నుంచి నిజామాబాద్ వైపు వెళ్ళే 63వ నంబరు జాతీయ రహదారి ఊరి మీదుగానే పోతుంది. హోళీకి, శివరాత్రికి ఠండాయి అనే పాల పానీయంలో భంగు కలిపి తాగే అలవాటు ఉత్తరాది నుంచి విదర్భ దాకా ఉంది. చాక్లెట్టు రూపంలో గంజాయి అమ్మే కొత్త వ్యాపారం హైదరాబాద్ చుట్టుపక్కల పోలీసులకు పదేపదే పట్టుబడుతోంది. ఈ రెండు లోకాలకూ మధ్యలో ఉన్న తాలూకా ఇది. పైగా జిల్లా కేంద్రం గడ్చిరోలి రెండు వందల కిలోమీటర్ల పైమాటే. రాత్రిపూట ఒంట్లో బాగోకపోతే పెద్ద డాక్టరు కోసం మంచిర్యాలకో, కరీంనగర్‌కో, వరంగల్‌కో బండి కట్టించుకోవాలి. ఆసుపత్రి దూరమైనచోట ముందు జాగ్రత్త విలువ పెరుగుతుంది.

గడ్చిరోలిది ఇంకో ప్రత్యేకత. 1993 నుంచి ఈ జిల్లాలో దారూబందీ, అంటే మద్యనిషేధం, అమల్లో ఉంది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు, ఊళ్ళ ఆడవాళ్ళు, ఆదివాసీ సంఘాలు కలిసి చేసిన ఉద్యమం దానికి మూలం. ఆ ఉద్యమం ఎన్నో ఇళ్ళను నిలబెట్టిందని నేను నమ్ముతాను. అయితే మత్తు పదార్థం ఏదైనా సరే, చాటుగా అమ్ముడయ్యేచోట ఒక్కటి మాత్రం ఎప్పుడూ ఉండదు: అందులో ఏది ఎంతుందో చెప్పే చీటీ. గంజాయి తిండి విషయంలో ఆ లేని చీటీయే సగం ప్రమాదం. మిగతా సగం ఆలస్యం.

ఎంతుందో తెలియకపోవడం కొత్త సమస్యేమీ కాదు. 1860లో నిజాం నుంచి ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చిన సిరోంచ కొన్నాళ్ళు అప్పర్ గోదావరి జిల్లాకు కేంద్రంగా ఉండి, 1874లో ఆ జిల్లా రద్దయ్యాక చాందా జిల్లాలో కలిసింది. అంటే అప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో భాగం. అక్కడ గంజాయి సాగు ప్రభుత్వం కనుసన్నల్లో నీమాడ్ జిల్లా ఖండ్వా ప్రాంతానికే పరిమితమై ఉండేది. గంజాయి, భంగు జనాన్ని పిచ్చివాళ్ళను చేస్తున్నాయా అనే ప్రశ్న బ్రిటిష్ పార్లమెంటులో లేచినప్పుడు 1893లో ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ వేశారు. అధ్యక్షుడు డబ్ల్యూ. మాక్‌వర్త్ యంగ్. సభ్యుల్లో సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కమిషనరుగా పనిచేస్తున్న ఏ.హెచ్.ఎల్. ఫ్రేజర్ ఒకరు, కలకత్తాలో రసాయనశాస్త్రం చెప్పే సర్జన్ మేజర్ వార్డెన్ ఇంకొకరు. వెయ్యిమందికి పైగా సాక్షుల్ని విచారించారు. పిచ్చాసుపత్రుల రికార్డులు తిరగేసి, గంజాయి వల్లే పిచ్చి అని రాసిన చాలా కేసులకు ఆధారం లేదని తేల్చారు. మితంగా వాడేవాళ్ళలో చెప్పుకోదగ్గ హాని కనబడలేదని, అతిగా వాడేవాళ్ళకు హాని ఉందని, భంగును నిషేధించనక్కర్లేదని 1894 నివేదికలో రాశారు.

ఆ నివేదికను ఇప్పటికీ గంజాయిని సమర్థించేవాళ్ళు చూపిస్తుంటారు. ఎంతో శ్రమతో చేసిన పని, కాదనను. కానీ "మితం" అంటే ఎంత? అది తూచగల సాధనం వార్డెన్ దగ్గర లేదు, ఆనాటికి ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు. నల్లమందులోంచి మార్ఫిన్‌ను పంతొమ్మిదో శతాబ్దం మొదట్లోనే విడదీశారు, అది స్ఫటికంగా చేతికి దొరికే క్షారం. గంజాయిలో మత్తిచ్చేది క్షారం కాదు, జిగటగా ఉండే నూనెలాంటి పదార్థం. దాన్ని శుద్ధంగా విడదీసి నిర్మాణం చెప్పడానికి 1964 దాకా ఆగాల్సి వచ్చింది. ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలం, యెహియెల్ గావోనీ ఆ పని చేశారు. దాని పేరు డెల్టా-9 టెట్రాహైడ్రోకెన్నబినాల్, పొట్టిగా టీహెచ్‌సీ. ఒక్కో సీసా ఒక్కో బలంతో ఉంటోందన్న చిక్కు పశ్చిమ దేశాల వైద్యులు గంజాయి టింక్చరును వదిలేయడానికి ఒక పెద్ద కారణం. 1942లో అమెరికా ఔషధ గ్రంథం నుంచి అది తప్పుకుంది. శిక్షణ పొందిన డాక్టర్లే మోతాదు కుదరక వదిలేసిన వస్తువును అంగడిలో ముద్దలు చుట్టి అమ్ముతుంటే, ముద్దకు ఎంతని ఎవరు చెప్పగలరు?

మొక్కలో ఏముంది

మొక్క ఒకటే అయినా దాని భాగాల్లో బలం ఒకటి కాదు. ఆకులో తక్కువ, ఆడమొక్క పూతకంకుల్లో ఎక్కువ, ఆ పూత మీద మెరిసే జిగురులో అన్నిటికన్నా ఎక్కువ. ఆకు నూరితే భంగు, పూతకంకులు గంజాయి, జిగురు చరస్. గింజలో దాదాపు ఏమీ ఉండదు. అందుకే 2021 నవంబరులో మన ఆహార భద్రతా సంస్థ ఈ మొక్క గింజల్ని, అంటే హెంప్ గింజల్ని, వాటి నూనెను, పిండిని టీహెచ్‌సీ హద్దులు పెట్టి ఆహారంగా అనుమతించింది. ఉత్తరాఖండ్ కొండల్లో ఆ గింజల పచ్చడి మామూలు తిండే. దుకాణంలో "హెంప్" అన్న మాట కనబడగానే మత్తని భయపడనక్కర్లేదు, మత్తని ఆశపడనూ అక్కర్లేదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పచ్చి మొక్కలో టీహెచ్‌సీ నేరుగా ఉండదు, దాని ఆమ్ల రూపంలో ఉంటుంది. ఆ ఆమ్లం మత్తివ్వదు. వేడి తగిలితే అందులోంచి బొగ్గుపులుసు వాయువు ఊడిపోయి టీహెచ్‌సీ మిగులుతుంది. చుట్టకు నిప్పంటిస్తే ఇది క్షణాల్లో జరుగుతుంది. ఎండబెట్టినా, నిల్వ పెట్టినా నెమ్మదిగా కొంత జరుగుతుంది. భంగును ఉడికించి, వేయించి, పాలలో మరిగించడం వెనక ఉన్న రసాయనం ఇదే. ఎంత వేడి, ఎంతసేపు అన్నదాన్ని బట్టి ఒకే ఆకు ఒక ఇంట్లో నిస్సారంగా, ఇంకో ఇంట్లో బలంగా తయారవుతుంది. పోయినేడు తాగాను, ఏమీ కాలేదు అన్న అనుభవం ఈ ఏడు పనికిరాకపోవడానికి ఇదొక్కటే చాలు.

పాలు, నెయ్యి ఎందుకంటే, టీహెచ్‌సీ నీళ్ళల్లో కరగదు, కొవ్వులో కరుగుతుంది. 1985లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ డ్రోనాబినాల్ అనే మందును అనుమతించింది. కేన్సరు మందుల వల్ల వచ్చే వాంతులకు వాడతారు. ప్రయోగశాలలో తయారుచేసిన టీహెచ్‌సీయే అది, నువ్వుల నూనెలో కలిపి గొట్టం మాత్రల్లో నింపుతారు. ఆ మాత్రల్లో అతి చిన్నది 2.5 మిల్లీగ్రాములు. మోతాదు తెలిసిన టీహెచ్‌సీని వైద్యులు ఎంత కొంచెం కొంచెంగా వాడతారో ఈ అంకె చెబుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. గ్రాము ఎండాకులో నూటికి ఒక వంతు టీహెచ్‌సీ ఉందనుకుంటే అది 10 మిల్లీగ్రాములు. ఆ అతి చిన్న మాత్రకు నాలుగింతలు. ఆకులో పూతకంకులు కలిసి బలం నూటికి ఐదుకు పెరిగితే అదే గ్రాము 50 మిల్లీగ్రాములు. గ్రాము అంటే చిటికెడు. నూరిన ముద్దలో, లడ్డూలో ఈ రెండింటికీ తేడా కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. ఇంట్లో కలిపిన పిండిలో మందు అంతటా సమంగా సర్దుకోదు కూడా. ఒకే పళ్ళెంలోంచి తీసుకున్న రెండు లడ్డూల్లో ఒకటి తిన్నవాడు మామూలుగా ఉండి, రెండోది తిన్నవాడు గోడ పట్టుకుని నడవడం అందుకే.

కడుపు దారి, కాలేయం మలుపు

పొగతో లోపలికి వెళ్ళిన టీహెచ్‌సీ ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, రక్తం నుంచి మెదడులోకి నిమిషాల్లో చేరుతుంది. పది నిమిషాల లోపే రక్తంలో పతాకస్థాయి, రెండు మూడు గంటల్లో చాలావరకు దిగిపోతుంది. తిన్నది ఆ దారిన పోదు. జీర్ణకోశంలో కొవ్వుతో పాటు కరగాలి, పేగు గోడ దాటాలి, అక్కడినుంచి నేరుగా కాలేయానికి వెళ్ళాలి. కాలేయం అందులో పెద్ద భాగాన్ని మార్చేస్తుంది. తిన్న టీహెచ్‌సీలో చివరికి యథాతథంగా రక్తంలోకి వచ్చేది వందకు పది పాళ్ళ దరిదాపులో, తరచు అంతకన్నా తక్కువ.

అయితే బలం తగ్గాలి కదా? తగ్గదు. కాలేయం టీహెచ్‌సీని ముందు 11-హైడ్రాక్సీ-టీహెచ్‌సీ అనే పదార్థంగా మారుస్తుంది. అదీ మత్తుదే. మెదడుకూ రక్తానికీ మధ్య ఉండే వడపోతను అది సులువుగా దాటుతుంది, బలంలో అసలుదానికి తీసిపోదు. పొగ తాగినవాడి రక్తంలో ఇది కొద్దిగానే ఉంటుంది, తిన్నవాడి రక్తంలో బాగా ఉంటుంది. రోజూ చుట్ట తాగేవాడు "నాకిది అలవాటే" అని గోలీ వేసుకుని చిత్తయిపోవడంలో ఆశ్చర్యం లేదు. అతనికి అలవాటైన అనుభవం ఇది కాదు.

తిన్నాక మొదటి సూచన కనబడడానికి అరగంట నుంచి గంటన్నర, ఒక్కోసారి రెండు గంటలు. పతాకస్థాయికి రెండు నుంచి నాలుగు గంటలు. మొత్తం ఆరు నుంచి ఎనిమిది గంటలు, ఎక్కువ తిన్నవాళ్ళలో పన్నెండు గంటలూ పట్టొచ్చు. ఖాళీ కడుపా, పూరీ కూర తిన్న కడుపా అన్నదాన్ని బట్టి ఈ గడియారం ముందుకీ వెనక్కీ జరుగుతుంది. కొవ్వున్న భోజనం తర్వాత ఆలస్యంగా మొదలవుతుంది, కానీ ఒంటికి పట్టేది ఎక్కువ. పండగపూట బూరెలూ పూరీలూ తిని తాగే ఠండాయి విషయంలో ఇది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

మనిషికీ మనిషికీ పుట్టుకతోనే తేడా ఉంది. టీహెచ్‌సీని కాలేయంలో మార్చే ముఖ్యమైన ఎంజైము సీవైపీ2సీ9. కొందరికి తల్లి నుంచీ తండ్రి నుంచీ దీని మందకొడి రకమే వస్తుంది. అలాంటివాళ్ళకు ఒకే మోతాదు ఇచ్చి చూసినప్పుడు రక్తంలో పేరుకున్న టీహెచ్‌సీ మిగతావాళ్ళకన్నా మూడింతలైంది. దక్షిణాసియా జనంలో ఈ రకం జన్యువు అరుదేమీ కాదు. ఎవరి ఒంట్లో ఏ రకముందో ముఖం చూసి చెప్పలేం. "మా అన్నకేం కాలేదు" అన్న మాట తమ్ముడికి భరోసా కాదు.

మెదడులో టీహెచ్‌సీ పట్టుకునే గ్రాహకాల్ని సీబీ1 అంటారు. 1988లో వాటి జాడ దొరికింది, 1990లో జన్యువు తేలింది. జ్ఞాపకం, కాలస్పృహ, భయం, నడకలో తూకం, ఆకలి నడిపే భాగాల్లో ఇవి దట్టంగా ఉంటాయి. అందుకే నిమిషం గంటలా సాగుతుంది, చెప్పే మాట సగంలో జారిపోతుంది, గుండె దడదడలాడుతుంది, మోతాదు మించితే చచ్చిపోతున్నానేమో అన్నంత భయం కమ్ముతుంది. ఊపిరిని నడిపే మెదడుకాండంలో మాత్రం ఈ గ్రాహకాలు బహు తక్కువ. నల్లమందు, హెరాయిన్ మోతాదు మించితే ఊపిరి ఆగినట్టు ఆరోగ్యవంతుడైన పెద్దవాడికి గంజాయితో ఆగడం అరుదు. చంపేది సాధారణంగా ఆ మత్తులో చేసే పని: బండెక్కడం, నీళ్ళల్లో దిగడం, ఎత్తునుంచి దూకడం.

2014 మార్చిలో అమెరికాలోని కొలరాడోలో జరిగిన మరణం దీనికి నిలువెత్తు సాక్ష్యం. అక్కడ పెద్దలకు గంజాయి అమ్మకాలు మొదలై అప్పటికి మూడు నెలలైనా కాలేదు. పందొమ్మిదేళ్ళ విద్యార్థి స్నేహితుడు కొనిచ్చిన బిస్కెట్టులో ఒక ముక్క తిన్నాడు. మొత్తం బిస్కెట్టులో ఉన్నది 65 మిల్లీగ్రాములు, ఆరుకు పైగా మోతాదులు. దుకాణదారు ఒక ముక్కే తినమన్నాడు. అరగంట నుంచి గంట ఆగినా ఏమీ తెలియలేదు, మిగిలిందంతా తినేశాడు. తర్వాతి రెండు గంటల్లో మాట తీరు మారింది, ఆవేశం వచ్చింది. మొదటి ముక్క తిన్న మూడున్నర గంటలకు నాలుగో అంతస్తు నుంచి దూకాడు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2015లో ఈ కేసును ప్రచురించింది. అక్కడ చీటీ ఉంది, చెప్పేవాడున్నాడు, లెక్క ఉంది. లేనిదల్లా ఇంకో గంట ఓపిక. మన దగ్గర ఆ మొదటి మూడూ లేవు.

చట్టం ఏమంటుంది

1985 నవంబరు నుంచి అమల్లో ఉన్న మాదకద్రవ్యాల చట్టం ఎన్‌డీపీఎస్ గంజాయిని నిర్వచించేటప్పుడు పూతకంకుల్ని, జిగురును, వాటితో చేసిన ఏ మిశ్రమాన్నైనా, పానీయాన్నైనా కలుపుకుంది. పూత లేని ఒట్టి ఆకును, గింజను విడిచిపెట్టింది. భంగు ఆ సందులో నిలిచి, రాష్ట్రాల చేతికి వెళ్ళింది. ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో ప్రభుత్వ అనుమతితో భంగు దుకాణాలు నడుస్తాయి. వాటిని చూసి వచ్చినవాళ్ళు భంగు దేశమంతటా చెల్లుతుందనుకుంటారు. సిరోంచలో చెల్లదు. 1949 నాటి బాంబే మద్యనిషేధ చట్టం, ఇప్పటి మహారాష్ట్ర చట్టం, లైసెన్సు లేకుండా భంగు తయారుచేయడాన్ని, దగ్గర పెట్టుకోవడాన్ని, వాడడాన్ని నేరంగానే చూస్తుంది. ఆకులో పూత కలిసిందని తేలితే వ్యవహారం నేరుగా ఎన్‌డీపీఎస్ కిందికి పోతుంది. గంజాయి వాడినందుకే ఆరు నెలల దాకా జైలు గానీ, పదివేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. అలవాటుపడినవాళ్ళు స్వచ్ఛందంగా చికిత్సకు వస్తే కేసు నుంచి రక్షణ కల్పించే 64-ఏ సెక్షన్ కూడా ఇదే చట్టంలో ఉంది. ఆ సంగతి బాధిత కుటుంబాలకు తెలిసింది తక్కువ, తెలియాల్సింది ఎక్కువ.

ఆయుర్వేద మందుల్లో భంగు వాడకం ఉంది, కానీ ఔషధ నిబంధనల్లో అది విషద్రవ్యాల పట్టికలో, ఉమ్మెత్త, నల్లమందు పక్కన ఉంది. వైద్యుడి పర్యవేక్షణలో వాడాలని డబ్బా మీద రాసి తీరాలి. జీర్ణానికి మంచిదని పాన్ డబ్బాలో రంగు కాగితం చుట్టి అమ్మే గోలీని మందు అనుకోవడం పొరపాటు.

ఇదేదో నలుగురి గోల అనుకోవద్దు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసి 2019లో బయటపెట్టిన సర్వే ప్రకారం దేశంలో ఏడాదిలో గంజాయి మొక్క తాలూకు మత్తు ఏదో ఒక రూపంలో వాడినవాళ్ళు సుమారు 3.1 కోట్లమంది. అందులో భంగు వాడినవాళ్ళే 2.2 కోట్లు. సాయం అవసరమైన స్థాయిలో చిక్కుకున్నవాళ్ళు 72 లక్షలు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది పిల్లల సంగతి. 2024 జనవరిలో రంగారెడ్డి జిల్లా కొత్తూరులో బడిపిల్లలు వింతగా ప్రవర్తిస్తుంటే ఉపాధ్యాయులు ఆరా తీశారు. దగ్గరి దుకాణంలో కొన్న చాక్లెట్లలో గంజాయి ఉందని బయటపడింది. అమ్మినవాడు ముందు ఊరికే ఇచ్చి అలవాటు చేశాడా, డబ్బుకు అమ్మాడా అన్నది పోలీసుల పని. తల్లిదండ్రులకు తెలియాల్సింది వేరు: చాక్లెట్టు అంటే పిల్లవాడు ఒక ముక్కతో ఆగడు. పదిహేను కిలోల ఒంట్లో పెద్దవాడి మోతాదు పడితే అది తూలడంతో ఆగదు. లేపినా లేవని నిద్ర, ఊపిరి మందగించడం, మూర్ఛ కూడా రావొచ్చు. గంజాయి ఊపిరి ఆపదన్న మాట పసిపిల్లలకు వర్తించదు. అమెరికాలో ఆరేళ్ళ లోపు పిల్లలు ఇలాంటి తిండి పొరపాటున తిన్న కేసులు విషసమాచార కేంద్రాలకు 2017లో 207 వస్తే, 2021లో 3,054 వచ్చాయి. పండగ రోజు అరుగు మీద పెట్టిన ఠండాయి గ్లాసు, జేబులో మర్చిపోయిన గోలీ, ఫ్రిజ్‌లో మామూలు బర్ఫీ పక్కన పెట్టిన భంగు బర్ఫీ, ఇవన్నీ పిల్లల చేతికి అందేవే.

చెల్లే దేశాల్లో ఉన్నవాళ్ళకు

గోదావరి రెండు ఒడ్డుల నుంచీ పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు అమెరికా, కెనడా వెళ్తున్నారు. కెనడాలో 2019 చివరి నుంచి గంజాయి తినుబండారాలు దుకాణాల్లో దొరుకుతున్నాయి, ఒక ప్యాకెట్టులో 10 మిల్లీగ్రాములకు మించకూడదు. కొలరాడోలో ఒక మోతాదు 10, ప్యాకెట్టు మొత్తం 100 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళు అక్కడ చట్టబద్ధంగా తినాలనుకుంటే చూడాల్సిన అంకె ఒక ముక్కకు ఎన్ని మిల్లీగ్రాములన్నది, ప్యాకెట్టు మీద పెద్దగా రాసిన మొత్తం కాదు. మొదటిసారి 2.5 మిల్లీగ్రాములకు మించొద్దు. రెండు గంటలు ఆగకుండా రెండో ముక్క ముట్టొద్దు, నాలుగు గంటలు ఆగితే ఇంకా మేలు, అసలు ఆ రోజుకు వద్దనుకుంటే అన్నిటికన్నా మేలు. మద్యంతో కలపొద్దు. మర్నాటి దాకా కారు తాళం ముట్టొద్దు. పక్కన మత్తులో లేని మనిషి ఒకరుండాలి. మిగిలింది తాళం వేసిన పెట్టెలో ఉండాలి.

వీసా మీద ఉన్నవాళ్ళకు మరో మాట. అమెరికాలో రాష్ట్రం అనుమతించినా కేంద్ర చట్టం ఇంకా ఒప్పుకోదు. వలస వ్యవహారాలు కేంద్రానివి. వాడానని అధికారి ముందు ఒప్పుకోవడమే వీసాకు ఎసరు పెట్టిన సందర్భాలున్నాయి. ఇంటికొచ్చేటప్పుడు నలుగురికీ రుచి చూపిద్దామని గంజాయి గమ్మీలు సంచిలో పెట్టుకుంటే అది శంషాబాద్‌లోనో నాగ్‌పూర్‌లోనో ఎన్‌డీపీఎస్ కేసు.

ఎక్కడున్నా సరే, కొందరు దీని జోలికి పోనే కూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు. గుండెజబ్బు ఉన్నవాళ్ళు, ఎందుకంటే నాడి వేగం బాగా పెరుగుతుంది. తమకో, రక్తసంబంధీకులకో స్కిజోఫ్రీనియాలాంటి మానసిక వ్యాధి ఉన్నవాళ్ళు. ఇరవై ఐదేళ్ళ లోపు కుర్రవాళ్ళు, మెదడు ఇంకా కుదురుకుంటున్న వయసది, అలవాటు పట్టుకునే అవకాశమూ ఎక్కువ. రక్తాన్ని పలచన చేసే వార్ఫరిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ లాంటి మందులు అదే కాలేయపు ఎంజైము మీద ఆధారపడతాయి, అవి వాడేవాళ్ళకు రెండు రకాల ముప్పు.

ఎక్కువైతే

మోతాదు మించిన పెద్దవాడికి విరుగుడు మందు లేదు. మజ్జిగ, నిమ్మరసం, చింతపండు పులుసు తాగించడం మన ఇళ్ళల్లో అలవాటు. మెలకువగా ఉన్నవాడికి గుక్కెడు ఇస్తే నష్టం లేదు గానీ, రక్తంలో చేరినదాన్ని అవి తీసేయలేవు. మగతగా ఉన్నవాడి గొంతులో పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికొస్తుంది. వేళ్ళు పెట్టి కక్కించడమూ అంతే ప్రమాదం. చేయాల్సింది: వెలుతురు, చప్పుడు తక్కువున్న గదిలో పడుకోబెట్టడం, వాంతి వస్తే అడ్డు పడకుండా పక్కకు తిప్పడం, "కొన్ని గంటల్లో దిగిపోతుంది, నేనిక్కడే ఉన్నా" అని చెబుతూ దగ్గర కూర్చోవడం. ఒంటరిగా వదలొద్దు. నది వైపు, బావి వైపు, బండి వైపు పోనివ్వొద్దు. శివరాత్రి స్నానాల రోజున ఈ ఒక్క జాగ్రత్త ప్రాణాలు కాపాడుతుంది.

ఛాతీలో నొప్పి, లేపినా లేవకపోవడం, ఫిట్స్, ఆగని వాంతులు, తనకో ఇతరులకో హాని చేసేంత కలవరం ఉంటే ఇంట్లో ఆగొద్దు. పిల్లవాడు తిన్నాడని అనుమానం వస్తే లక్షణాల కోసం చూడకుండానే బయల్దేరాలి, పడుకుంటే తగ్గుతుందని పడుకోబెట్టకూడదు. ఇంకొకటి, మత్తు ఎక్కువ కావాలని భంగులో ఉమ్మెత్త గింజలు కలిపే పాడు అలవాటు అక్కడక్కడ ఉంది. ఉమ్మెత్త విషం వేరు. నోరు పిడచకట్టుకుపోతుంది, కంటిపాప బాగా విప్పారుతుంది, ఒళ్ళు కాలిపోతుంది, మూత్రం ఆగిపోతుంది, లేని మనుషులతో మాట్లాడతారు. గంజాయిలో కళ్ళు ఎర్రబడతాయి గానీ ఇలా ఒళ్ళు కాలిపోదు. దీనికి ఆసుపత్రిలో వైద్యం ఉంది, ఆలస్యమైతే గుండె లయ తప్పుతుంది.

గోదావరికి ఏ ఒడ్డున ఉన్నా అంబులెన్సు నంబరు 108 ఒకటే. ఢిల్లీ ఎయిమ్స్ విషసమాచార కేంద్రం 1800 116 117 రాత్రీ పగలూ పలుకుతుంది, అలవాటు మాన్పించే సాయానికి 14446 ఉంది. సిరోంచ గ్రామీణ ఆసుపత్రికి వెళ్ళినా, వంతెన దాటినా డాక్టరు ముందు అడిగేది ఏం తిన్నారు, ఎంత, ఎన్ని గంటలకు, దాంతోపాటు సారా గానీ మాత్రలు గానీ ఏమైనా పడ్డాయా అని. మిగిలిన ముద్దో, చాక్లెట్టు కాగితమో ఉంటే వెంట తీసుకెళ్ళండి. పోలీసులకు భయపడి "ఏదో పడని తిండి తిన్నాడు" అని చెబితే, మెదడు వాపేమో, మలేరియా తలకెక్కిందేమో అని ఆ అడవి జిల్లాలో డాక్టరు వెతకాల్సినవి చాలా ఉన్నాయి, ఆ వెతుకులాటలో గంటలు పోతాయి.